మందు కొట్టిన గడ్డి

మా గోల్ఫ్ కోర్సులో గడ్డిని రోజూ తెల్లవారగానే కోస్తాం. బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే జాగాని గ్రీన్ అంటారు. అక్కడి గడ్డి అప్పుడే గొరిగిన గడ్డంలా ఉండాలి. బంతిని అలా తట్టి వదిలితే ఎక్కడా తడబడకుండా దొర్లుకుంటూ పోవాలి. ఆ గడ్డి బాధ్యత నాది.

సాలూరు దాటాక ఘాట్ రోడ్డు ఎక్కకుండా పక్కకి తిరిగితే కొండ మొదట్లో ఉంటుంది మా కోర్సు. ఒకప్పుడు అవన్నీ జీడితోటలు. ఒక ప్రైవేటు కంపెనీ కొని, చదును చేసి, కంచె వేసింది. ఎక్కువగా శని ఆదివారాల్లో విశాఖపట్నం నుంచి సభ్యులు కార్లలో వస్తారు. పొద్దున్నే కొండ మీంచి మంచు దిగుతుంటే, ఆ పచ్చదనం మీద జెండాలు ఊగుతుంటే, నాకే ఒక్కోసారి ఇది మా వైపు నేలేనా అనిపిస్తుంది. ఇక్కడ చేరకముందు నేను సాలూరులో ఎరువులు, పురుగుమందుల దుకాణంలో పనిచేశాను. ఏ మందు ఎంత చెడ్డదో నాకు తెలుసు. ఈ మాట ముందే చెప్పాలి. తెలియక చేశాననుకోవడానికి లేదు.

మా అప్పని, అంటే అక్కని, ఇచ్చిన ఊరు కోర్సుకి సరిగ్గా దిగువన ఉంది. కొండ మీంచి వచ్చే గెడ్డ మా కోర్సు మధ్యలోంచి పారి వాళ్ళ పొలాల్లోకి దిగుతుంది. మా బావకి నా ఉద్యోగం పెద్ద వేళాకోళం.

"ఒరే, మా కాడ గడ్డి గొడ్డు తింతాది. మీ కాడ మిషను తింతాది. మరా మిషను పాలిస్తాదేట్రా?" అనేవాడు.

"ఇవ్వదు బావా, జీతమిస్తాది" అనేవాణ్ణి నేను.

ఊళ్ళో ఆడవాళ్ళు నాకు గడ్డి మేస్త్రీ అని పేరు పెట్టారు. నవ్వేవాణ్ణి గాని, లోపల నాకది బాగానే ఉండేది. టోపీ, బూట్లు, చేతిలో వాకీటాకీ. కొండ కింద పుట్టినవాణ్ణి కొండ కిందే పెద్దవాణ్ణయ్యానని ఒక గీర.

ఆ గీరతోనే ఒక మాటిచ్చాను. కోర్సు కడుతున్నప్పుడు ఊరివాళ్ళకి రెండు భయాలుండేవి. కొండ మీదికి పశువులు వెళ్ళే దారి మూసుకుపోతుందని ఒకటి, గెడ్డలోకి మందులు దిగుతాయని ఒకటి. కంపెనీ మేనేజరు మాట్లాడింది వాళ్ళకి అర్థం కాలేదు. అర్థమైన నలుగురూ నమ్మలేదు. అప్పుడు మేనేజరు నన్ను ముందుకి నెట్టాడు. ఊరి మధ్య నిలబడి, "జాకరమ్మ పండక్కి నానే దగ్గరుండి గేటు తీయిస్తాను. గెడ్డలోకి మందు సుక్క దిగదు. అక్కడ మందే కొట్టం" అన్నాను. అది నిజమో కాదో మేనేజర్ని నేను అడగలేదు. మందు లేకుండా అలాంటి గడ్డి బతకదని నాకు తెలుసు. అయినా వాళ్ళంతా నా వైపు చూస్తుంటే ఆ మాట నోట్లోంచి హాయిగా వచ్చేసింది. మా బావకి బావమరిదిని కనక నమ్మారు.

గేటు సంగతి మాత్రం నిలబెట్టుకున్నాను. దుక్కికి ముందు ఊరివాళ్ళు పశువుల్ని కొండ మీది జాకరమ్మ రాయి దగ్గరికి తోలుకెళ్ళి మొక్కుతారు. మా అప్ప అత్తవారిది ఆ పండగలో ముందు నడిచే ఇల్లు. ఆ ఇంటి పెద్దకోడలు ముర్రాట నెత్తిన పెట్టుకుని అందరికన్నా ముందు వెళ్ళాలి. ముర్రాట అంటే పసుపునీళ్ళు పోసి వేపమండలు పెట్టిన కుండ. రాయి దగ్గర అమ్మవారికి పోసేదాకా అది నేల తాకకూడదు. పెళ్ళయిన దగ్గర్నుంచి మా అప్పే ఆ కుండ మోస్తోంది. మనిషి పొట్టి. కుండ నెత్తికెక్కితే మాత్రం ఎంత పొడుగ్గా కనిపించేదో.

ఈ ఏడు పండగనాటికి కంచె పక్క దారంతా బురద. పశువుల్ని అటే తోలారు గాని, ఆడవాళ్ళని కోర్సులోంచి రమ్మని నేనే పిలిచాను. సన్నగా జల్లు పడింది. పొద్దున్నే కోసిన ఏటవాలు గడ్డి. అప్ప కాలు సర్రున జారింది. కుండ పగిలి పసుపునీళ్ళు పచ్చగడ్డి మీద పారాయి.

పడ్డది పడ్డట్టే లేచింది అప్ప. "నా కాలు జారనేదు, గడ్డే జారీసినాది! గుండు గొరిగినట్టు గొరిగితే ఏ కాలు ఆగుతాది?" అంది నా వైపు చూసి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళ అత్త మాత్రం నవ్వలేదు. మళ్ళీ ఇంకో కుండ తెచ్చి పండగ కానిచ్చారు. అంతటితో అయిపోయిందనుకున్నాం.

వానలు పడ్డాయి. ఊళ్ళో దమ్ములు, నాట్లు మొదలయ్యాయి. మా గడ్డికి లద్దెపురుగు పట్టింది. వానాకాలంలో అది ఒక్క రాత్రిలో గడ్డిని నేల మట్టానికి తినేస్తుంది. ఆ ఆదివారం సభ్యుల పోటీ ఉంది. శుక్రవారం నేను దగ్గరుండి మందు కొట్టించాను. మందు కొట్టాక కోసిన గడ్డిని వెనక గోతిలో వేసి కప్పెట్టాలి. అది నేను పెట్టించిన పద్ధతే.

శనివారం పొద్దున్న అప్ప వెనక గేటు దగ్గరికి వచ్చింది. వేసవి నుంచీ మేం కోసిన గడ్డి నేను ఆమెకి ఇస్తూనే ఉన్నాను. మందు కొట్టిన రోజుల్లో ఏదో ఒక వంక చెప్పి తప్పించేవాణ్ణి. మిషను పాడైందనో, మేనేజరు ఉన్నాడనో. ఆ రోజు వంక చెప్పనివ్వలేదు.

"ఒరే, గడ్డివాము అడుక్కంటా అయిపోనాది. గట్ల మీద గడ్డి ఇంకా ఎదగనేదు. దమ్ము సేసి సేసి ఎడ్లకి డొక్కలు పీక్కుపోనాయి. రెండు మోపులియ్యరా. మా తమ్ముడు కాడ గడ్డికేటి లోటని ఊరంతా సెప్పుకుంతన్నాను."

మందు కొట్టాం, ఇవాళ వద్దు అంటే సరిపోయేది. నాలుగు మాటలు. కానీ ఆ నాలుగు మాటలూ ఆమెతో పాటు ఊళ్ళోకి వెళ్తాయి. మందే కొట్టమని ఊరి మధ్య నిలబడి చెప్పినవాణ్ణి నేను. రాత్రి పెద్ద వాన కురిసింది కదా, కడుక్కుపోయి ఉంటుందిలే అనుకున్నాను. అలా కడుక్కుపోదని దుకాణంలో రైతులకి చెప్పిన నోరే ఇది. ఏటవాలు అంచున కోసిన గడ్డికి మందు సరిగా తగల్లేదని ఇంకో మాట అనుకున్నాను. రెండు మోపులు కట్టి నేనే ఆమె నెత్తికెత్తాను. "నీ కడుపు సల్లగుండ" అని వెళ్ళింది.

ఆదివారం పొద్దున్న సభ్యులు పోటీ మొదలుపెడుతుండగా బావ ఫోను చేశాడు. పరిగెత్తుకుంటూ దిగాను. దాపటెద్దు పశువుల సాలలో పక్కకి పడి ఉంది. నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ, నురగ. కాళ్ళు వణుకుతున్నాయి. రెండో ఎద్దు ముందురోజు నుంచి ఒంట్లో బాగోక మేత ముట్టలేదు. అందుకే బతికింది. చూడగానే నాకు తెలిసిపోయింది.

పశువుల డాక్టరమ్మ స్కూటీ మీద వచ్చింది. చిన్నపిల్ల. ఎద్దు కళ్ళు విప్పి చూసింది, నోరు వాసన చూసింది. "ఏం మేసింది?" అని అడిగింది.

"మా తమ్ముడిచ్చిన గడ్డే డాట్రమ్మా. శుభ్రమైన గడ్డి" అంది అప్ప. నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పింది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీ కోర్సులో ఈ మధ్య మందేమైనా కొట్టారా? నిజం చెప్పండి. మందు అయితే దానికి వేరే ఇంజెక్షన్ ఉంది, ఇప్పుడే ఇచ్చేస్తాను." అప్పటికే సంచీలోంచి ఆ సీసా తీసి చేత్తో పట్టుకుంది.

సాల చుట్టూ సగం ఊరు నిలబడి ఉంది. ఆ రోజు నా మాట విన్నవాళ్ళే అందరూ.

"లేదండి. మేం మందులు కొట్టం" అన్నాను.

ఆమె ఇంకాసేపు నన్ను చూసింది. సీసా సంచీలో పెట్టేసి, కడుపుబ్బరానికి ఏదో ఇచ్చింది. ఎండెక్కేసరికి ఎద్దు పోయింది. అదే సమయానికి పైనుంచి చప్పట్లు వినిపించాయి. ఎవరిదో బంతి గుంటలో పడి ఉంటుంది.

నేను భయపడింది ఉద్యోగానికి కాదు. ఉద్యోగం పోతుందని భయపడ్డానని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది కాస్త మర్యాదగా వినిపిస్తుంది కనక. నేను భయపడింది ఆ నలుగురి ముందు మాట తప్పినవాణ్ణి అవుతానని. అంతకన్నా ఏమీ లేదు. అంత చిన్న సంగతికి ఒక ప్రాణాన్ని నా కళ్ళముందే పోనిచ్చాను.

ఎద్దుని పాతిపెట్టిన మర్నాటి నుంచీ ఊరు కారణం వెతకడం మొదలుపెట్టింది. ఎక్కువ వెతకలేదు. అప్ప అత్తగారికి కుండ గుర్తొచ్చింది.

"ముర్రాట నేల మీద పారబోసినాది కాదేటి? ఇంకో కుండెడితే తల్లికి కోపం సల్లారిపోతాదేటి? ముందు నడిసే ఇంటినే పట్టినాది" అంది.

కోడలి చెయ్యి మంచిది కాదన్నారు. సాలలో అడుగు పెట్టొద్దన్నారు. మొదట్లో అప్ప పోట్లాడింది. "కాలు జారనేదు, గడ్డి జారినాది, మీరందరూ సూసినారు కదా" అంది. ఒక్కరూ నమ్మలేదు. ఆ తర్వాత ఆమె పోట్లాడ్డం మానేసింది. నన్ను గేటు దగ్గర కలిసినప్పుడు ఒకసారి, "నిజిమేనేమోరా. నా సేత్తోనే కదా మేతేసినాను. నా సెయ్యే పాడుదేమో" అని తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. అప్పుడు కూడా నేను, "ఊరుకో అప్పా, అలగేటి కాదు" అన్నాను. ఓదార్చాననుకున్నాను. ఇంటికెళ్ళి అన్నం కూడా తిన్నాను.

తప్పు తీర్చుకోడానికి ఒక మంగళవారం కొండెక్కుదామని పెద్దలు తేల్చారు. రాయి దగ్గర కోడిపుంజుని కోసి, పెద్దకోడలు సాగిలపడి తప్పు ఒప్పుకోవాలి. ఇక మీదట ముర్రాట తోడికోడలు మోస్తుంది. గేటు తియ్యమని నాకే కబురొచ్చింది. తీశాను. వాళ్ళతో పాటు నేనూ ఎక్కాను.

పైనుంచి చూస్తే మా కోర్సు ఎంత బాగుంటుందో. నీళ్ళ మడుగు, తెల్లటి ఇసుక గుంటలు, బొమ్మల్లా కదిలే మనుషులు. వాళ్ళలో ఒకరు బంతిని కొట్టిన చప్పుడు కాస్త ఆలస్యంగా మాకు చేరేది. అప్ప రాయి ముందు బోర్లా పడుకుని, "తల్లీ, తప్పు నాది. నా వల్లే" అంది. గొంతు బయటికి రాలేదు. గట్టిగా అనమన్నాడు పూజారి. మళ్ళీ అంది. నేను ఆమె వెనకే, చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పుంజుని కోసి అక్కడే పొయ్యి పెట్టారు. నీళ్ళకి బావా నేనూ బిందెలు పట్టుకుని గెడ్డలోకి దిగాం.

"ఆ రెండో దాన్ని సంతకి తోలీద్దామనుకుంతన్నాను" అన్నాడు బావ.

"ఏం బావా?"

"జత నేని ఎద్దుతో ఏటి సేస్తాను? ట్రాక్టరోడికి సెప్పుకుంతాను. అది కాదురా..." తన బిందెని నీళ్ళలో ముంచాడు. "మీ అప్ప కంచం కాడ కూకుంతాది. ముద్ద కలుపుతానే ఉంతాది, తినదు. సాల వైపు సూడదు. గొడ్డు పోతే పోనాదిలే అనుకున్నాను. ఇది కూడా పోయినాగుంది నాకు."

మా బావ అలా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. వేళాకోళం తప్ప ఆయన నోట మరో మాట ఉంటుందనుకోలేదు. బిందె నిండింది. ఎత్తలేకపోయాను.

"బావా, ఎద్దు మందు గడ్డి తిని పోనాది. ముందురోజు నానే కొట్టించినాను. తెలిసే ఇచ్చినాను."

ఆయనకి వెంటనే ఎక్కలేదు. "కొట్టనేదన్నావు కదా డాట్రమ్మకి?"

"అబద్ధం బావా."

ఆయన నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. "ఆ సూదిమందు... వేరే సూది ఉన్నాదన్నాది కదా ఆయమ్మ. ఆ రోజు తెచ్చినాదేటి?"

"తెచ్చినాది. సేత్తో పట్టుకునే అడిగినాది నన్ను."

"మరయితే బతికీదా?"

"బతికీదేమో బావా."

బావ తన బిందెలో నీళ్ళు గెడ్డలోనే ఒంపేశాడు. "పైకి నడు. నాకు సెప్పినట్టే సెప్పు. ఒక్క ముక్క తగ్గించకు" అన్నాడు.

చెప్పాను. పొయ్యి చుట్టూ ఉన్నవాళ్ళందరూ విన్నారు. శుక్రవారం మందు, శనివారం గడ్డి, ఆదివారం అబద్ధం. చెబుతున్నంతసేపూ అప్ప వైపు చూడలేకపోయాను. ఎవరో ముసలాయన, "ఓరి నాయినో, మన గొడ్లన్నీ ఆ గెడ్డ నీళ్ళే కదరా తాగుతన్నాయి!" అన్నాడు. దాంతో అందరూ ఒక్కసారి అరవడం మొదలుపెట్టారు. నన్ను తిట్టినవాళ్ళు తిట్టారు, కంపెనీని తిట్టినవాళ్ళు తిట్టారు.

అత్తగారు మాత్రం కోడలి దగ్గరికి వెళ్ళింది. "ఒసే, నీ తప్పేటీ నేదంట కదే. ముర్రాట నువ్వే ఎత్తుకో" అంది.

"ఆడు సెప్తే నమ్మినారు" అంది అప్ప. వారాల తర్వాత ఆమె గొంతు మళ్ళీ విన్నాను. "కాలు జారనేదని నాను మొత్తుకుంతే ఒక్కులు నమ్మినారేటి? ఉంచుకోండి మీ కుండ."

తర్వాత నా వైపు తిరిగింది. "డాట్రమ్మ అడిగినప్పుడు నా పక్కనే ఉన్నావు కదరా. శుభ్రమైన గడ్డి అని నాను సెప్తంటే ఇన్నావు కదా?"

"ఇన్నాను అప్పా."

"మరి?"

ఇక్కడ రాసిందంతా ఆ "మరి"కి జవాబు కాదు. చుట్టూ తిరగడమే.

ఆ పూట అప్ప అన్నం తింది. కోపంగా, గబగబా, రెండోసారి పెట్టించుకుని తింది. తోడికోడలు నాకూ అడ్డాకు విస్తరి వేసింది. తినమని ఎవరూ అనలేదు. లేచి పొమ్మనీ అనలేదు.

మర్నాడు ఊరివాళ్ళు మందు ఆపమని గేటు ముందు కూర్చున్నారు. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, నీకెందుకయ్యా ఈ పెద్దరికం అని గదమాయించాడు. చివరికి మందు కొట్టే ముందు ఊరికి కబురు చెయ్యాలని ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో వాళ్ళు పశువుల్ని గెడ్డకి తోలరు, బోరు నీళ్ళు పెడతారు. మందు మానెయ్యడం గురించి ఎవరూ ఏమీ ఒప్పుకోలేదు. నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. తీస్తే బయట ఇంకేం చెబుతానో అని కాబోలు. నేనూ మానలేదు. మానేస్తే గొప్పగా ఉండేది. వేరే పని దొరకదనే భయం, అంతే. ఎద్దుని కొనిస్తానన్నాను బావతో. వద్దనలేదు, సరేననలేదు. "సూద్దాంలే" అన్నాడు. ఈ మధ్య ఆయన నాతో వేళాకోళం ఆడడు.

మందు కొట్టే ముందురోజు కాపలావాడి చేత ఊరికి కబురు పంపుతాను. మిగతావాళ్ళకి అది చాలు. మా అప్పకి చాలదు. కొట్టినా కొట్టకపోయినా, గడ్డికి పురుగు పట్టే రోజుల్లో తనే ఎక్కి వెనక గేటు దగ్గరికి వస్తుంది. గడ్డి అడగదు. కంచెకి అవతలే నిలబడి, "కొట్టినారా?" అంటుంది.

"నేదప్పా" అంటాను. లేకపోతే, "రేపు కొడతాం" అంటాను. రెండూ నిజాలే ఇప్పుడు.

ఇదివరకు గడ్డికి వచ్చినప్పుడైతే నేను జవాబు చెబుతుండగానే నమ్మి తిరిగి వెళ్ళిపోయేది. ఇప్పుడు వెళ్ళదు. నా జవాబు విన్నాక కూడా కాసేపు నా మొహంలోకి చూస్తుంది, ఆ రోజు డాక్టరమ్మ చూసినట్టు. ఆమె చూడ్డం అయ్యేదాకా మొహం తిప్పుకోకుండా నిలబడతాను.